అగ్గిపెట్టె బొమ్మ చెప్పే పాఠం

మన కోవిల్‌పట్టి ప్రాంతంలో తయారయ్యే అగ్గిపెట్టెలు లోపల ఇంచుమించు ఒక్కటే. కొనేవారికి తేడా తెలిపేది పైనున్న బొమ్మే. అక్షరాలు రానివారు కూడా బొమ్మ పేరు చెప్పి అడగగలరు. లోగో పని అదే: చూడగానే గుర్తుండాలి, నోటితో చెప్పగలగాలి.

అందుకు ఒకే రూపం, రెండు మూడు రంగులు చాలు. విరుదునగర్ నూనె డబ్బా మీద పెద్దదిగానూ, బిల్లు పుస్తకంలో నలుపు తెలుపుల్లో చిన్నదిగానూ వేసి చూడండి. రెండు చోట్లా గుర్తుపట్టగలిగితే అది మంచి లోగో.

పేరున్న గుర్తును కొద్దిగా మార్చి వాడుకోవచ్చని కొందరు అనుకుంటారు. అది ప్రమాదం. ‘అమృతధార’, ‘లక్ష్మణధార’ అనే మందుల పేర్ల వివాదంలో 1962లో సుప్రీంకోర్టు, అక్షరాలు విడదీసి కాక, సామాన్య కొనుగోలుదారుడికి లీలగా గుర్తున్నదాన్ని బట్టి మొత్తంగా పోల్చాలని చెప్పింది. ఆ రెండు పేర్లూ పొరపాటు పడేంత దగ్గరగా ఉన్నాయని తేల్చింది.

ఊరి పేరు ఒక్కటే చాలదు. కోవిల్‌పట్టి కడలై మిఠాయికి 2020లో భౌగోళిక గుర్తింపు వచ్చింది. అది ఏ ఒక్క దుకాణానిదీ కాదు. మీ దుకాణానికి లోగో వేరుగా ఉండాలి.

1999 నాటి ట్రేడ్ మార్క్స్ చట్టం ప్రకారం రిజిస్ట్రేషన్ 10 ఏళ్లు చెల్లుతుంది, తర్వాత పొడిగించుకోవచ్చు. మన జిల్లాలకు కార్యాలయం చెన్నైలో ఉంది. రిజిస్టరు కాకముందే వృత్తంలో ‘ఆర్’ గుర్తు వేయడం చట్టవిరుద్ధం.

విద్యార్థులారా, సొంత వ్యాపారం పెట్టినా, ఇతరులకు బొమ్మ గీసి ఇచ్చినా, అచ్చుకు ఇచ్చే ముందు ట్రేడ్ మార్క్ రిజిస్ట్రీ జాబితాలో వెతకండి. దానికి రుసుము లేదు. అచ్చయిన అట్టలు పారేయాల్సి వస్తే చిన్న వ్యాపారి పెట్టుబడే పోతుంది.