అచ్చు అసలు తుపాకే!

బల్ల మీద ఒక తుపాకి ఉన్నది. చేతిలోకి తీసుకుంటే సుమారు 3 కిలోలు తూగుతుంది. వేళ్ళకు లోహం చల్లగా తగులుతుంది. మేగజీన్‌ను అరలోకి నెట్టగానే అది టక్కుమని బిగుసుకుంటుంది. మీట నొక్కితే వెనుక భాగం భుజాన్ని తన్నుతుంది. సైన్యంలో పనిచేసి వచ్చినవారు సైతం పది గజాల దూరం నుంచి చూస్తే దీనిని అమెరికా సైనికుల ఎం-4 రైఫిలనే భ్రమపడవచ్చు. కాని దీని గొట్టంలో నుంచి దూకేది లోహపు గుండు కాదు, శనగగింజకన్న చిన్నదైన ప్లాస్టిక్ గుండు. వ్యాసం 6 మిల్లీమీటర్లు. బరువు గ్రాములో ఐదవ వంతు.

దీని పేరు ఎయిర్‌సాఫ్ట్ రైఫిలు. దీపావళినాడు మన పిల్లలు రీళ్ళు పెట్టి పేల్చే రేకు పిస్తోలుకు ఇది దూరపు చుట్టం. అయితే రేకు పిస్తోలును చూసి జడిసేవారు ఎవరూ లేరు. దీనిని ఎదుట పట్టుకుంటే జడవనివారు అరుదు. నకలు అసలుకు ఎంత దగ్గర కాగలదు? ఎంత దగ్గరైతే అది ఆట కాకుండా పోతుంది? ఈ ఆటవస్తువు చరిత్ర అంతా ఈ రెండు ప్రశ్నల నడుమనే సాగింది.

తుపాకి దొరకని దేశంలో

ఎయిర్‌సాఫ్ట్ జన్మభూమి జపాను. ఆ దేశంలో 1958 నాటి చట్టం సామాన్య పౌరులకు తుపాకులను దాదాపు అందకుండా చేసింది. అందని వస్తువు మీద మోజు ఎక్కువ కదా! అసలు తుపాకులను పోలిన నమూనాలకు అక్కడ గిరాకీ పెరిగింది. వాటిని చూపి బెదిరించేవారు కూడా బయలుదేరారు. దానితో 1971లో ప్రభుత్వం మరొక ఆంక్ష విధించింది. లోహంతో చేసిన నమూనా పిస్తోళ్ళ గొట్టాలను పూడ్చివేయాలనీ, వాటికి తెలుపో పసుపో రంగు వేయాలనీ శాసించింది. ఆటవస్తువు చూపును ఎంతగా మోసగించవచ్చుననే సమస్య ఆనాడే చర్చకు వచ్చిందన్నమాట.

1970లలోనే స్ప్రింగు బలంతో, గాలి ఒత్తిడితో ప్లాస్టిక్ గుళ్ళను విసిరే తుపాకులు వచ్చాయి. ఒక్కొక్క గుండుకూ చేతితో స్ప్రింగును లాగి పెట్టవలసి ఉండేది. మరికొన్నింటికి గాలి సిలిండరు నుంచి పొడవైన గొట్టం తగిలించుకొని ఆటగాడు పరుగెత్తవలసి వచ్చేది. ఈ అవస్థకు 1991లో టోక్యో మారుయి సంస్థ ముగింపు పలికింది. ఫ్రెంచి సైన్యపు ఫామాస్ రైఫిలు రూపంలో, బాటరీతో నడిచే తుపాకిని అది విడుదల చేసింది. నేటి విద్యుత్ రైఫిళ్ళకు అదే మూలపురుషుడు.

లోపల ఏమున్నది?

దీని యంత్రాంగం కుట్టుమిషను విప్పి చూసినవారికి సులువుగానే బోధపడుతుంది. మీట నొక్కగానే బాటరీ నుంచి విద్యుత్తు చిన్న మోటారుకు చేరుతుంది. మోటారు మూడు పళ్ళచక్రాలను తిప్పుతుంది. మూడవ చక్రం మీద పిస్టన్‌ను లాగే పళ్ళు చుట్టూ కాక, ఒక పక్కన మాత్రమే ఉంటాయి. ఆ పళ్ళు పిస్టన్‌ను వెనక్కి లాగి స్ప్రింగును నొక్కుతాయి. పళ్ళు అయిపోగానే పిస్టన్ పట్టు తప్పి ముందుకు దూకుతుంది. సిలిండరులోని గాలి ఆ దెబ్బకు గుండును బయటికి నెడుతుంది. ఈ తతంగమంతా సెకనుకు పది పదిహేను సార్లు జరుగుతుంది.

గొట్టం మొదట్లో, పై భాగాన, చిన్న రబ్బరు బొడిపె ఉంటుంది. దాని కింద రాచుకుంటూ పోయే గుండు వెనక్కి గిరగిర తిరుగుతుంది. బంతికి తిరుగుడు ఇస్తే దాని దారి మారుతుందని క్రికెట్ చూసే ప్రతివారికీ తెలుసు. 19వ శతాబ్దంలో జర్మన్ శాస్త్రజ్ఞుడు మాగ్నస్ పరిశీలించిన సూత్రమే ఇది. ఆ తిరుగుడు వల్ల గుండు వెంటనే నేలకు దిగకుండా తేలుతూ పోతుంది. ఇంత తేలికపాటి గుండు 40, 50 మీటర్ల దూరం తిన్నగా వెళ్ళడానికి కారణం ఆ రబ్బరు బొడిపె.

లోపాలను కోరి కొనుక్కోవడం

తొలి విద్యుత్ రైఫిళ్ళు ఆటకు బాగానే ఉన్నా, కంటికి, చేతికి ఆనేవి కావు. ప్లాస్టిక్ అతుకులు కిర్రుమనేవి. పేలుడు బదులు మోటారు రొద వినిపించేది. భుజానికి తన్ను అనే మాట లేదు. పైగా అసలు ఎం-4 మేగజీనులో 30 గుళ్ళు మాత్రమే పడితే, ఈ ఆట తుపాకుల మేగజీన్లలో కొన్నింటికి మూడు వందలు పట్టేవి.

తరువాతి కాలంలో నిర్మాతలు ఈ తేడాలను ఒక్కొక్కటిగా తుడిచివేశారు. ప్లాస్టిక్ స్థానంలో అల్యూమినియం, ఉక్కు, కలప వచ్చాయి. టోక్యో మారుయి సంస్థ 2007లో ఏకే-74 నమూనాతో కొత్త తరం రైఫిళ్ళను మొదలుపెట్టింది. వీటిలో గుండు పేలిన ప్రతిసారీ ఒక లోహపు దిమ్మ లోపల వెనక్కి జరిగి, భుజానికి తన్ను తగిలిస్తుంది. ఎం-4 నమూనాలలో మేగజీన్ ఖాళీ కాగానే తుపాకి దానంతటదే ఆగిపోయే ఏర్పాటు చేశారు. కొత్త మేగజీన్ పెట్టి, పక్కనున్న మీటను తట్టితేగాని అది మళ్ళీ పేలదు. సిస్టెమా అనే మరొక జపాను సంస్థ తన ఎం-4 నమూనాకు ‘ప్రొఫెషనల్ ట్రెయినింగ్ వెపన్’ అని, అంటే వృత్తి శిక్షణకు పనికివచ్చే ఆయుధమని, పేరు పెట్టుకున్నది.

ఎలక్ట్రానిక్ పరికరాలు కూడా లోపలికి ప్రవేశించాయి. పూర్వం మీట నొక్కినప్పుడు రెండు రాగిరేకులు తాకి నిప్పురవ్వలు చిమ్మేవి, క్రమంగా కాలిపోయేవి. ఇప్పుడు ఆ పని ట్రాన్సిస్టరు చేస్తున్నది. పళ్ళచక్రం ఎక్కడ ఉన్నదో కనిపెట్టి చూసే సెన్సార్లు పిస్టన్‌ను ప్రతిసారీ ఒకే చోట ఆపుతున్నాయి.

ఇందులో ఒక వింత ఉన్నది. ఇతర యంత్రాలలో కొత్త నమూనా అంటే మరింత సౌకర్యం. ఇక్కడ మాత్రం కొత్తదనం అంటే మరింత అసౌకర్యం! బరువు పెరిగింది, గుళ్ళు తగ్గాయి, భుజం నొప్పి పుట్టింది, నడుమ ఆగిపోవడం వచ్చింది. లోహపు దిమ్మను కదపడానికి బాటరీ శక్తి అదనంగా ఖర్చవుతుంది. అయినా ఆటగాళ్ళు ఎక్కువ ధర పోసి వీటినే కొంటున్నారు. 30 గుళ్ళే ఉన్నవాడు ప్రతి గుండునూ ఆలోచించి వాడతాడు. మూడు వందలున్నవాడు పొదలన్నింటి మీదా చల్లుకుంటూ పోతాడు. అసలు ఆయుధపు పరిమితులు వచ్చి చేరాకనే ఆటలో ఓర్పు, నేర్పు అవసరమయ్యాయి.

పెరగకూడనిది ఒక్కటే

ఇన్ని విషయాలలో అసలును అనుసరించిన ఈ నకలు, ఒక్క విషయంలో మాత్రం దూరంగా ఉండక తప్పదు. అది దెబ్బ బలం. జపాను చట్టం 2006లో 6 మిల్లీమీటర్ల గుండుకు దాదాపు 0.98 జౌళ్ళ హద్దు గీసింది. 100 గ్రాముల జామకాయ ఒక మీటరు ఎత్తు నుంచి పడితే నేలకు తగిలే శక్తి కూడా ఇంతే. బ్రిటన్‌లో 2017 నాటి చట్టం ఎడతెగక పేలేవాటికి 1.3 జౌళ్ళు, ఒక్కొక్కటిగా పేలేవాటికి 2.5 జౌళ్ళు హద్దుగా నిర్ణయించింది. అసలు ఎం-16 రైఫిలు గుండుకు ఉండే శక్తి రమారమి 1,700 జౌళ్ళు!

అలాగని అలక్ష్యం చేయరాదు. 0.98 జౌళ్ళ బలంతో బయలుదేరిన 0.2 గ్రాముల గుండు సెకనుకు సుమారు 99 మీటర్ల వేగంతో పోతుంది. చర్మం మీద పడితే కందిపోతుంది. కంటిలో పడితే చూపే పోవచ్చు. అందుకే కళ్ళద్దాల రక్షణ లేనిదే మైదానంలో అడుగు పెట్టనివ్వరు. ఆటకు ముందు ప్రతి తుపాకి వేగాన్నీ యంత్రంతో కొలిచి చూస్తారు.

రెండు సెకన్లు

గుండు బలానికి హద్దు గీయవచ్చు. చూసేవారి కంటికి హద్దు గీయడం ఎలా?

2014 నవంబరు 22న అమెరికాలోని క్లీవ్‌లాండ్ నగరంలో, ఒక పార్కులో, తమీర్ రైస్ అనే 12 ఏళ్ళ బాలుడు ఎయిర్‌సాఫ్ట్ పిస్తోలుతో ఆడుకుంటున్నాడు. అది విద్యుత్ రైఫిలు కాదు, చిన్న పిస్తోలు మాత్రమే. కాని అసలుకు అచ్చమైన ప్రతిరూపం. అది చూసి ఒక వ్యక్తి పోలీసులకు ఫోన్ చేశాడు. ఆ తుపాకి బహుశా బొమ్మదే కావచ్చుననీ, పట్టుకున్నవాడు పిల్లవాడై ఉండవచ్చుననీ ఆయన చెప్పాడు. ఆ మాటలు వచ్చిన పోలీసుల దాకా చేరలేదు. కారు ఆగిన రెండు సెకన్లలో పోలీసు కాల్పులు జరిపాడు. మరునాడు బాలుడు మరణించాడు. కాల్చిన వ్యక్తిపై అభియోగం మోపనక్కరలేదని 2015లో గ్రాండ్ జ్యూరీ తేల్చింది. 2016లో నగరపాలక సంస్థ ఆ కుటుంబానికి 60 లక్షల డాలర్లు చెల్లించడానికి అంగీకరించింది.

బొమ్మ తుపాకుల గొట్టం కొసన నారింజరంగు గుర్తు ఉండాలని అమెరికాలో 1988లోనే చట్టం చేశారు. బాలుడి చేతిలోని పిస్తోలుకు ఆ గుర్తు లేదు. అంతకు ముందే ఊడిపోయింది. అంగడిలో అమ్మేనాటికి ఉండవలసిన గుర్తు ఇంటికి చేరాక నిలుస్తుందన్న హామీ లేదు. ఉన్నా, ఆ రెండు సెకన్లలో అది కనబడేదా?

బ్రిటన్ మరొక దారి పట్టింది. అసలులా కనిపించే నకళ్ళను తయారు చేయడం, దిగుమతి చేసుకోవడం, అమ్మడం 2006 చట్టం ప్రకారం అక్కడ నేరం. బీమా ఉన్న మైదానాలలో ఆడే ఆటగాళ్ళకు మినహాయింపు ఉన్నది. మినహాయింపు లేనివారు కొట్టవచ్చినట్లుండే రంగులు పూసినవి కొనవలసిందే.

చట్టాలు ఎలా ఉన్నా, అనుభవజ్ఞులైన ఆటగాళ్ళు పాటించే కట్టుబాటు ఒకటున్నది. ఆట ముగియగానే మేగజీన్ తీసివేస్తారు. గొట్టంలో గుండు మిగిలిపోలేదని నేలవైపు పేల్చి చూసుకుంటారు. బాటరీ విప్పుతారు. తుపాకిని సంచిలో పెట్టి, సంచి నోరు మూసిన తరువాతనే వీధిలోకి వస్తారు. మైదానం లోపల అది ఎంత నిజంగా కనిపిస్తే అంత ఆనందం. గేటు దాటితే ఎవరి కంటా పడకుండా ఉండడమే క్షేమం. ఈ సంగతి పిల్లవాడి చేతికి తుపాకి అందించే పెద్దలు ముందుగా తెలుసుకోవాలి.