బస్తరు గోండుల భాషలో మానవతత్త్వ భావన

మనుష్యుడు స్వభావముచేత ఎట్టివాడు అను ప్రశ్నకు ప్రతి దర్శనమును, ప్రతి మతమును ఏదో యొక సమాధానము చెప్పినవి. సాంఖ్యులు మానవస్వభావమును త్రిగుణముల కలయికగా వివరించి, పురుషుని దానినుండి వేరుచేసిరి. అద్వైతులు జీవునకు బ్రహ్మమునకు భేదము లేదనిరి. బౌద్ధులు పంచస్కంధములకు మించిన స్థిరమైన ఆత్మను అంగీకరింపలేదు. క్రైస్తవమున అగస్టీను మొదలుకొని పాశ్చాత్య సంప్రదాయము ఆదిపాపమును నొక్కి చెప్పినది. ఇస్లాము ప్రతి శిశువును 'ఫిత్ర' అను సహజ నిర్మలస్థితిలో జన్మించునని బోధించును. చీనాదేశమున మెన్షియస్ మానవస్వభావము మంచిదనగా, షున్‌ట్సు అది చెడ్డదనియు, శిక్షణచేతనే మంచి యగుననియు వాదించెను.

ఇవి యన్నియు గ్రంథస్థములైన సమాధానములు. లిఖితశాస్త్రము లేని సమాజములకు ఇట్టి చింతన లేదనుకొనుట పొరపాటు. వారి చింతన పదములయందును, బాంధవ్యమునందును, అపరకర్మలయందును నిక్షిప్తమై యుండును. ఇందుకు బస్తరు చక్కని నిదర్శనము.

1948 వరకు సంస్థానముగా నుండి, 2000 నుండి ఛత్తీస్‌గఢ్ రాష్ట్రమున చేరిన ఈ ప్రాంతము తెలుగువారికి పరాయిది కాదు. ఇచ్చటి రాజవంశము ఓరుగంటి ప్రతాపరుద్రుని సోదరుడగు అన్నమదేవునినుండి వచ్చినదని ఐతిహ్యము. ఇచ్చటి మురియా, కొండ మారియా, దండామి మారియా, దోర్లా జనుల మాటలు ద్రావిడకుటుంబమునకు చెందిన గోండీ మాండలికములు. గోండులు తమ్ము తాము 'కోయితోర్' అని చెప్పుకొందురు. మన 'కోయ' శబ్దము దీనికి చుట్టమే.

వీరి దృష్టిలో మనుష్యుడు ఒంటరి వ్యక్తి కాడు. 1938లో బస్తరు మారియాలపై గ్రంథము ప్రకటించిన గ్రిగ్సన్ ఇచ్చటి వంశములు 'దాదాభాయి' అనియు 'అకోమామ' అనియు రెండుగా విభజింపబడుటను వర్ణించెను. మొదటివారు సోదరస్థానీయులు; వారితో వివాహము కూడదు. రెండవవారు వియ్యమందదగినవారు. 'మామ' శబ్దమును తెలుగువారికి వివరింప బనిలేదు. ఇట్లు ప్రతి మనుష్యుడును మరియొకనికి సోదరుడుగనో మామగనో నిలిచిన పిదపనే అతని నడవడికి మంచిచెడ్డలు ఏర్పడును.

ఇక మరణానంతరము మిగులునదేమి? ఆదిలాబాదు గోండులను పరిశోధించిన ఫ్యూరర్-హైమన్‌డార్ఫ్ రెండు భావనలను వేరుచేసి చూపెను. 'జీవ్' అనునది దైవము పంపు ప్రాణశక్తి; అది వచ్చిన చోటికే పోవును. 'సనాల్' అనునది చనిపోయినవాని వ్యక్తిత్వము; అది పితరులను, కులదైవమును చేరును. బస్తరున ఈ రెండవపదమే 'హనాల్' అని వినవచ్చును. పదాది సకారము హకారమగుట, మరి కొన్నిచోట్ల లోపించుట గోండీ మాండలికములలో ప్రసిద్ధమైన మార్పు. దీని మూలము 'చనిపోవు' అను అర్థముగల సా-, హా- ధాతువు; తెలుగు 'చావు', 'చచ్చు' శబ్దములకు ఇది సజాతీయము. కనుక సనాల్ అనగా వ్యుత్పత్తిచే 'చనిపోయినవాడు'.

ఇందొక విశేషము కలదు. వేదాంతమున జీవుడే కర్మవాసనలను మోయువాడు; వ్యక్తిత్వము వానిని అంటియుండును. గోండుల 'జీవ్' సంస్కృతశబ్దమే యైనను, వ్యక్తిత్వభారము దానిపై లేదు. ఆ భారమును దేశీయశబ్దమగు సనాల్ వహించినది. ఎరువు వచ్చిన పదము ఎరువు వచ్చిన అర్థమును గూడ తెచ్చునని తలచి 'జీవ్'ను జీవాత్మగా అనువదించినచో ఈ సమాజపు తాత్త్వికవ్యవస్థయే తలక్రిందు లగును. దండామి మారియాలు మృతులకై నిలువురాళ్లు నాటుటయు ఈ దృష్టితోనే గ్రాహ్యము. చనిపోయినవాడు సంసారమునుండి విముక్తుడు కాడు. సంబంధములలో స్థానము మారినవాడు మాత్రమే.

ఈ విచారమునకు ప్రయోజన మేమి? అడవిమనుష్యుడు స్వభావముచేత క్రూరుడని కొందరును, నిష్కపటియగు శిశువని కొందరును చెప్పుచుండిరి. మొదటిది హాబ్స్ ఊహకును, రెండవది రూసో పేర ప్రచారమందిన ఊహకును దగ్గర. 1943లో వెరియర్ ఎల్విన్ దండామి మారియాల హత్యోదంతములు నూరింటిని న్యాయస్థానపత్రములనుండి పరిశీలించి, కలహము, అసూయ, మద్యము, చేతబడిభయము మున్నగు కారణములను వివరించెను. పొరుగునగల మురియాలలో ఇట్టి నేరములు తక్కువగుటకు, యువజనులను కలిసి పెంచు 'ఘోటుల్' వ్యవస్థ ఒక కారణమని ఆయన తలచెను. ఆయన 1947లో ఘోటుల్‌పై ప్రకటించిన గ్రంథము ప్రసిద్ధము. 1992లో సిమెరన్ గెల్ ఆ వ్యవస్థను మరల పరిశీలించి గ్రంథము రచించెను.

ఎల్విన్ చూపిన కారణము సంపూర్ణము కాకపోవచ్చును. న్యాయస్థానపత్రములు నేరమును చూపునుగాని, నేరము లేని దినములను చూపవు. అయినను ఒక్క సంగతి నిలుచును. ఒకే భాషాకుటుంబమునకు, ఒకే ప్రాంతమునకు చెందిన రెండు సమాజములలో నడవడి వేరైనప్పుడు, దానికి పుట్టుకను కారణముగా చూపుటకు వీలులేదు. మెన్షియస్, షున్‌ట్సు పరస్పరము విరోధించియు పెంపకమునకు ప్రాధాన్య మిచ్చుటలో ఏకీభవించిరి. బస్తరు సాక్ష్యము ఆ వైపునకే మొగ్గుచున్నది.

గోండీ నిఘంటువులను, మాండలికసేకరణలను సిద్ధముచేయు పండితులు జీవ్, సనాల్, దాదాభాయి, అకోమామ వంటి పదములకు ఒక్క పర్యాయపదముతో తృప్తిపడక, ఆ పదము ఏ కర్మలో, ఎవరు ఎవరితో, ఏ సందర్భమున వాడుదురో గూడ చేర్చవలెను. అట్లు చేయనిచో మాట మిగులును. ఆ మాటలో దాచుకొన్న మనుష్యుడు మనకు దక్కడు.