కెప్టెన్ కుర్చీలో ఎవరు కూర్చోవాలి? ‘స్టార్ ట్రెక్’ తిరిగొస్తే అభిమానులు ఎందుకు చీలారు

2017 మేలో ‘స్టార్ ట్రెక్: డిస్కవరీ’ ట్రైలర్ విడుదలైంది. టెలివిజన్‌లో కొత్త ‘స్టార్ ట్రెక్’ సీరియల్ లేక అప్పటికి పన్నెండేళ్లు. 2005లో ‘ఎంటర్‌ప్రైజ్’ సీరియల్‌ను ఆపేశాక మధ్యలో సినిమాలు వచ్చాయి గానీ, వారం వారం ఇంట్లో కూర్చుని చూసుకునే కథ లేకుండా పోయింది. అన్నేళ్లు ఎదురుచూసినవాళ్లకు ఇది పండగే కావాలి. చాలామందికి అయింది కూడా. కానీ ఆ ట్రైలర్‌లో ముందుగా కనిపించింది ఇద్దరు ఆడవాళ్లు. ఒకరు మలేషియాకు చెందిన చైనీస్ నటి మిషెల్ యో, ఓడ కెప్టెన్. రెండోవారు నల్లజాతి అమెరికన్ నటి సొనెక్వా మార్టిన్-గ్రీన్, కథకు నాయిక. అంతే, ఇంటర్నెట్‌లో ఒక వర్గం అభిమానులు ‘ఇది శ్వేతజాతి నిర్మూలన’ అని రాయడం మొదలుపెట్టారు. తెల్ల మగవాళ్లకు తమ సొంత సీరియల్‌లోనే చోటు లేకుండా చేశారన్నారు.

‘తమ సొంత’ అన్న ఆ మాట దగ్గర మేం ఆగదలుచుకున్నాం. ఒక కథ ఎవరి సొంతం అవుతుంది, ఎలా అవుతుంది అన్నదే ఈ గొడవకు మూలం.

ఈ సీరియల్ చూడని పాఠకుల కోసం కొంత నేపథ్యం. ‘స్టార్ ట్రెక్’ 1966 సెప్టెంబర్ 8న అమెరికాలో ఎన్‌బీసీ చానల్‌లో మొదలైంది. సృష్టికర్త జీన్ రాడెన్‌బెరీ. రెండు మూడు వందల ఏళ్ల తర్వాత మనుషులు పేదరికాన్ని, జాతి ద్వేషాన్ని దాటేసి అంతరిక్షంలో తిరుగుతుంటారన్నది ఊహ. అమెరికా నగరాల్లో నల్లవాడలు మండుతున్న ఏళ్లవి. ఓటు హక్కు చట్టం వచ్చి అప్పటికి ఏడాదే. అలాంటప్పుడు ఓడలో కెప్టెన్ వెనకాల సమాచార అధికారిగా నల్లజాతి స్త్రీ లెఫ్టినెంట్ ఉహురా కూర్చుంది. పనిమనిషిగా కాదు, పాటకత్తెగా కాదు, అధికారిగా. ఆ పాత్ర వేసిన నిషెల్ నికల్స్ మొదటి సీజన్ తర్వాత మానేద్దామనుకున్నారు. ఆమె తర్వాత ఎన్నోసార్లు చెప్పిన ప్రకారం, ఎన్‌ఏఏసీపీ కార్యక్రమం ఒకదానిలో మార్టిన్ లూథర్ కింగ్ ఆమెను కలిసి, తాను ఆ సీరియల్ అభిమానినని చెప్పి, వదిలిపెట్టొద్దని ఒప్పించారు. అంటే ఈ సీరియల్‌కు తొలినాటి అభిమానుల లెక్క తీస్తే అందులో కింగ్ కూడా ఉంటారు. ‘మా సొంతం’ అంటున్నవాళ్లు ఈ పేరును లెక్కలో వేసుకోరు.

అలాగని పాత సీరియల్‌ను నెత్తిన పెట్టుకోనక్కర్లేదు. చాలా ఎపిసోడ్లలో ఉహురాకు దక్కింది ఒకటి రెండు ముక్కల సంభాషణే. ఆమె ఇంటి పేరేదో, సొంత పేరేదో ఎవరూ పట్టించుకోలేదు. ‘న్యోటా’ అన్న ఆమె పేరు తెరమీద పలకడానికి 2009 సినిమా దాకా, అంటే 43 ఏళ్లు పట్టింది. 1968 నవంబర్‌లో ప్రసారమైన ఒక ఎపిసోడ్‌లో కెప్టెన్ కర్క్, ఉహురా ముద్దు పెట్టుకుంటారు. అమెరికా టీవీలో నల్ల, తెల్ల పాత్రల మధ్య వచ్చిన తొలి ముద్దుల్లో అదొకటి. దక్షిణాది స్టేషన్లు ఏమంటాయోనని చానల్ పెద్దలు వణికిపోయిన సంగతి నికల్స్ తన ఆత్మకథలో రాశారు. కథలో కూడా ఆ ముద్దు వాళ్ల ఇష్టంతో జరగదు, వేరే గ్రహం వాళ్ల శక్తి బలవంతం మీద జరుగుతుంది. భవిష్యత్తును ఊహించడంలో కూడా అంత జంకు.

ఇక అభిమానులు. ఎన్‌బీసీ ఈ సీరియల్‌ను రెండో సీజన్‌తో ముగించబోతోందన్న వార్త వచ్చినప్పుడు బ్జో ట్రింబుల్, ఆమె భర్త జాన్ ఉత్తరాల ఉద్యమం నడిపారు. ఈమెయిల్ లేని రోజులు. చేతిరాత, స్టాంపు, పోస్టాఫీసు. ఉత్తరాలు గుట్టలుగా వచ్చి పడితే 1968 మార్చిలో చానల్ ప్రసారంలోనే ప్రకటన చేయాల్సి వచ్చింది, సీరియల్ కొనసాగుతుందని. 1969లో మొత్తం 79 ఎపిసోడ్లతో ఆగిపోయినా, పునఃప్రసారాల్లో కొత్త తరం దొరికింది. 1972 జనవరిలో న్యూయార్క్‌లో పెద్ద అభిమానుల సమావేశం జరిగింది. 1976లో నాసా తన మొదటి స్పేస్ షటిల్‌కు ‘ఎంటర్‌ప్రైజ్’ అని పేరు పెట్టిందంటే, అధ్యక్షుడు ఫోర్డ్‌కు అభిమానులు రాసిన ఉత్తరాలే కారణం. ఈ కథ బతికి ఉన్నది అభిమానుల వల్లే. అందుకే ‘ఇది మాది’ అనే భావం గాల్లోంచి ఊడిపడింది కాదు. అభిమాని అంటే భక్తుడు మాత్రమే కాదని, ధిక్కరించేవాడు కూడానని తెలుగు సినిమా అభిమాన సంఘాల మీద పరిశోధన చేసిన ఎస్.వి. శ్రీనివాస్ ఎప్పుడో చూపించారు. అభిమాని విధేయతకు షరతులుంటాయి. ఆ షరతులు ఎవరు రాస్తారన్నదే చూడాలి. మన అభిమాన సంఘాల్లో కులం ఎంత పనిచేస్తుందో తెలిసిన పాఠకులకు దీన్ని విడమరిచి చెప్పనక్కర్లేదు.

‘డిస్కవరీ’ మీద వచ్చిన విమర్శలన్నీ జాతి ద్వేషమే అనడం లేదు మేం. వెలుతురు తక్కువగా ఉందన్నారు, కథ మరీ చీకటిగా ఉందన్నారు, డబ్బు కట్టి చూసే సీబీఎస్ స్ట్రీమింగ్‌లో పెట్టడమేమిటన్నారు. ఇవన్నీ న్యాయమైన ఫిర్యాదులే. కానీ ఎక్కువగా వినిపించిన మాట ‘కానన్’. అంటే ఇదివరకటి కథల్లో స్థిరపడిన వాస్తవాలు. వీటిని కొత్త కథ తప్పకూడదు. ‘డిస్కవరీ’ దాన్ని తప్పిందని ఆరోపణ. నాయిక మైకేల్ బర్నమ్‌ను స్పాక్ ఇంట్లో పెరిగిన అమ్మాయిగా, అతని పెంపుడు అక్కగా చూపించారు. స్పాక్ ఎన్నడూ అక్క గురించి చెప్పలేదే అని అడిగారు. క్లింగాన్ జాతి రూపం మార్చేశారని మండిపడ్డారు.

ఈ రెండు ఆరోపణలనూ పాత రికార్డుతో పోల్చి చూద్దాం. స్పాక్ చెప్పకపోవడమే సాక్ష్యమైతే, అతను తన తండ్రి గురించి కూడా చెప్పలేదు. రాయబారిగా ఓడెక్కిన సారెక్ స్పాక్ తండ్రి అని, ఏళ్లుగా కలిసి పనిచేస్తున్న కర్క్‌కు 1967 నాటి ఎపిసోడ్‌లో అప్పటికప్పుడు తెలుస్తుంది. 1989 సినిమాలో స్పాక్‌కు సైబాక్ అనే అన్న ఉన్నాడని బయటపడింది. క్లింగాన్ల సంగతి సరేసరి. 1960ల్లో వాళ్లు ముఖానికి నల్లరంగు పూసుకున్న మామూలు మనుషుల్లా ఉండేవారు. అదీ ఒక జాతి బొమ్మే, ఆ వికారం గురించి వేరే వ్యాసం రాయొచ్చు. 1979 సినిమాలో ఉన్నట్టుండి నుదుటి మీద ఎముక గట్లు మొలిచాయి. ఎందుకు మొలిచాయో కథలో వివరణ ఇచ్చింది 2005లో. అంటే ‘కానన్’ తప్పడం ఈ సీరియల్‌కు పుట్టుకతో వచ్చిన అలవాటు. గతంలోనూ అభిమానులు గొణిగారు, వాదించుకున్నారు. 1987లో ‘నెక్స్ట్ జెనరేషన్’ వచ్చినప్పుడు కర్క్, స్పాక్ లేని ‘స్టార్ ట్రెక్’ ఏమిటని పెదవి విరిచారు. కొన్నాళ్లకు సర్దుకున్నారు. అప్పుడు కెప్టెన్ పికార్డ్ బట్టతల మీద జోకులు వేశారే గానీ, అతని జాతిని నేరంగా చూడలేదు.

నియమం అందరికీ ఒకటే, కానీ దాన్ని ఎవరి మీద బయటికి తీస్తారన్నది వేరే సంగతి. యూనివర్సిటీల్లో ‘మెరిట్’ అనే మాటను ఎప్పుడు, ఎవరిని చూసినప్పుడు బయటికి తీస్తారో గుర్తు చేసుకుంటే ఇది తేలిగ్గా అర్థమవుతుంది. ‘మాకు జాతితో పేచీ లేదు, నాణ్యతతోనే’ అనే వాక్యం ఇక్కడా అదే పని చేస్తుంది. ఈ మాట అన్న ప్రతివాడూ అబద్ధమాడుతున్నాడని కాదు. సైబాక్‌కు వేసిన కొలత బర్నమ్‌కూ వేస్తున్నాడా అని చూస్తే చాలు, తేలిపోతుంది.

ఈ గొడవను సీరియల్ ఒకసారి తన కథలోనే పెట్టుకుంది. 1993లో మొదలైన ‘డీప్ స్పేస్ నైన్’లో నాయకుడు నల్లజాతి అధికారి బెంజమిన్ సిస్కో. వేసింది ఏవరీ బ్రూక్స్. మొదటి సీజన్లలో ఆయన్ను గుండు చేయించుకోనివ్వలేదు, గడ్డం పెంచుకోనివ్వలేదు. ఇంతకుముందు ఆయన వేసిన హాక్ అనే పాత్రలా కనబడతాడని నిర్మాతల భయం. సిస్కో హోదా కూడా చూడండి, ‘స్టార్ ట్రెక్’ సీరియల్ నాయకుల్లో కెప్టెన్‌గా కాకుండా కమాండర్‌గా మొదలైనవాడు అప్పటికి ఇతనొక్కడే. మూడో సీజన్ చివర్లో గానీ కెప్టెన్ కాలేదు. 1998 ఫిబ్రవరిలో బ్రూక్స్ స్వయంగా దర్శకత్వం వహించిన ‘ఫార్ బియాండ్ ద స్టార్స్’ ఎపిసోడ్‌లో సిస్కో తనను తాను 1953 నాటి న్యూయార్క్‌లో బెన్నీ రసెల్ అనే నల్లజాతి రచయితగా చూసుకుంటాడు. బెన్నీ ఒక సైన్స్ ఫిక్షన్ పత్రికకు కథలు రాస్తుంటాడు. రచయితల ఫొటో తీసే రోజున అతన్ని రావద్దంటారు, పాఠకులకు అతని రంగు తెలియకూడదు కదా. అతను నల్ల కెప్టెన్ కథ రాస్తే సంపాదకుడు వేయనంటాడు. చివరికి అదంతా ఒక కల అని మార్చి రాస్తే ఒప్పుకుంటాడు. అప్పుడు యజమాని ఆ సంచిక మొత్తాన్నీ నాశనం చేయించి, బెన్నీని ఉద్యోగంలోంచి తీసేస్తాడు.

ఇది కల్పన అనుకుని పక్కన పెట్టలేం. శామ్యూల్ డిలానీ ఒక వ్యాసంలో రాసుకున్నారు. 1967లో తన ‘నోవా’ నవలను ధారావాహికగా వేసుకోమని పంపితే, ఆ రోజుల్లో ఆ రంగాన్ని ఏలిన సంపాదకుడు జాన్ క్యాంప్‌బెల్ తిప్పి పంపాడట. నవల బాగుందిగానీ నల్లజాతి నాయకుడితో తన పాఠకులు మమేకం కాలేరన్నది కారణం. చూడండి, ఇక్కడ సంపాదకుడు తనకు ద్వేషం ఉందని అనలేదు. నెపం పాఠకుల మీద పెట్టాడు. యాభై ఏళ్ల తర్వాత అదే పాఠకుల తరఫున తామే మాట్లాడుతున్నామన్నట్టు 2017లో కొందరు బయల్దేరారు. అసలు ఆ ‘పాఠకుల్లో’ నల్లవాళ్లు ఉన్నారని ఎవరూ అనుకోలేదు.

ఉన్నారు. చిన్నప్పుడు టీవీలో ఉహురాను చూసి, పనిమనిషి కాని నల్లజాతి స్త్రీ కనబడిందని ఇల్లంతా కేకలు పెట్టిన హూపీ గోల్డ్‌బెర్గ్, పెద్ద నటి అయ్యాక అడిగి మరీ ‘నెక్స్ట్ జెనరేషన్’లో వేషం వేశారు. 1992లో అంతరిక్షంలోకి వెళ్లిన తొలి నల్లజాతి స్త్రీ మే జెమిసన్ కూడా ఉహురా అభిమానే. మరుసటి ఏడాది ఆమె ఒక ఎపిసోడ్‌లో చిన్న పాత్ర వేశారు కూడా. నికల్స్ 1970ల చివర్లో నాసా కోసం ఊరూరా తిరిగి ఆడవాళ్లను, నల్లవాళ్లను వ్యోమగామి ఉద్యోగాలకు దరఖాస్తు చేయమని పిలిచారు. అభిమానుల మీద వచ్చిన అకడమిక్ పుస్తకాల్లో మాత్రం చాలాకాలం అభిమాని అంటే తెల్లవాడే, కాదంటే తెల్లావిడే. రుక్మిణీ పాండే 2018లో తెచ్చిన ‘స్క్వీ ఫ్రమ్ ద మార్జిన్స్’ ఈ లోటునే పట్టి చూపిస్తుంది.

ఈ అభిమానులు ‘డిస్కవరీ’ని చప్పట్లు కొట్టి వదిలేయలేదు. మొదటి రెండు ఎపిసోడ్లలోనే మిషెల్ యో పాత్ర చనిపోయింది. ఎంతో కాలానికి వచ్చిన నల్లజాతి నాయిక తిరుగుబాటు నేరం మీద శిక్ష పడ్డ ఖైదీగా కథ మొదలుపెడుతుంది. మాకూ ఇది మింగుడు పడలేదు. తెల్ల కెప్టెన్లు ఆజ్ఞలు ధిక్కరిస్తే పతకాలొచ్చిన లోకంలో, బర్నమ్ ధిక్కరిస్తే జైలు. ఆమె కెప్టెన్ కుర్చీలో కూర్చునేసరికి మూడో సీజన్ చివరి ఎపిసోడ్ వచ్చింది, 2021 జనవరి. సీరియల్‌లో ప్రేమించుకునే ఇద్దరు మగవాళ్లలో ఒకరైన డాక్టర్ కల్బర్‌ను 2018 జనవరిలో చంపేసినప్పుడు గే అభిమానులు గట్టిగా నిలదీశారు. తెరమీద మా ప్రేమలెప్పుడూ శవాలతోనే ముగుస్తాయా అన్నది వాళ్ల ప్రశ్న. నిర్మాతలు కథ ఇంకా ఉందని సర్దిచెప్పాల్సి వచ్చింది, రెండో సీజన్‌లో కల్బర్ తిరిగొచ్చాడు. ఇదీ కోపమే, ఇదీ అభిమానమే. ఒకరు కథలోకి ఎవరూ రావద్దంటున్నారు, ఇంకొకరు వచ్చినవాళ్లను సరిగా చూడమంటున్నారు. వార్తల్లో ఈ రెండింటినీ కలిపి ‘అభిమానుల అసంతృప్తి’ అని ఒకే శీర్షిక పెట్టేస్తే తేడా మాయమైపోతుంది.

2021 నవంబర్‌లో ఇంకో రకం కోపం వచ్చింది. ‘డిస్కవరీ’ నాలుగో సీజన్ మొదలు కావడానికి రెండు రోజుల ముందు, అమెరికా, కెనడా బయట నెట్‌ఫ్లిక్స్‌లో ఇది రాదని తెలిసింది. కంపెనీ తన సొంత స్ట్రీమింగ్ కోసం హక్కులు వెనక్కి కొనేసుకుంది, ఆ సొంత సేవ చాలా దేశాల్లో ఇంకా మొదలే కాలేదు. అందరిదీ అయిన భవిష్యత్తు అని పేరు, చూడాలంటే అమెరికాలో ఉండాలి. అభిమానులు ఊరుకోలేదు. కొద్ది రోజులకే యూరప్ దేశాలు కొన్నింటిలో చూడటానికి వేరే దారి చూపించారు.

నాలుగో సీజన్ చివరి ఎపిసోడ్ 2022 మార్చిలో వచ్చింది. అందులో ఐక్య భూగోళ అధ్యక్షురాలిగా ఒక నల్లజాతి మహిళ ఓడలోకి నడిచొస్తుంది. ఆ పాత్ర వేసింది నటి కాదు, స్టేసీ ఏబ్రమ్స్. జార్జియా రాష్ట్రంలో నల్లవాళ్ల ఓటు హక్కు కోసం పనిచేసిన నాయకురాలు, ‘స్టార్ ట్రెక్’కు పాత అభిమాని. మళ్లీ అదే ఫిర్యాదు, సీరియల్‌లోకి రాజకీయాలు తెచ్చారని. ఓటు హక్కు చట్టం వచ్చిన మరుసటి ఏడాది ఉహురాను ఆ ఓడ ఎక్కించిన సీరియల్ గురించే ఆ మాట అన్నారు. 65 ఎపిసోడ్లతో ‘డిస్కవరీ’ 2024 మే 30న ముగిసింది. ఆఖరి సన్నివేశంలోనూ కెప్టెన్ కుర్చీ బర్నమ్‌దే, అప్పటికి ఆమె అడ్మిరల్.