కొల్లేరు టూర్ ప్లాన్ చేస్తున్నారా? టెంట్ కాదు.. ముందు ఇవి చూసుకోండి!

తాడేపల్లిగూడెం: చలికాలం వచ్చిందంటే గూడెం కుర్రాళ్ల బైకులు భీమవరం, ఆకివీడు మీదుగా ఆటపాక పక్షుల కేంద్రం వైపే. పొద్దున్నే వెళ్లి సాయంత్రానికి వచ్చేసే దూరమే కాబట్టి టెంట్ ఖర్చు దండగ. ఆ డబ్బు బైనాక్యులర్స్‌కి పెట్టండి. 20 రెట్ల జూమ్ అనగానే టెంప్ట్ అవ్వొద్దు. కదిలే పడవలో చేతి వణుకు కూడా అన్ని రెట్లు పెరుగుతుంది, గూడబాతు కంటికి ఆనదు. 8×42 చాలు. అంటే 8 రెట్లు దగ్గరగా, 42 మిల్లీమీటర్ల లెన్స్‌తో.

అసలు విషయం లైఫ్ జాకెట్. బకిల్స్ అన్నీ పెట్టాక భుజాల దగ్గర పట్టుకుని పైకి లాగండి. గడ్డం దాకా లేచిందంటే అది వదులు. పెద్దవాళ్ల జాకెట్ పిల్లలకు వేస్తే నీళ్లలో జాకెట్ పైకి తేలుతుంది, పిల్లాడు కిందికి జారిపోతాడు. సెల్ఫీ కోసం విప్పడం అస్సలొద్దు. పిల్లల సైజు లేదన్నారా? పడవ ఎక్కకండి, ఒడ్డు నుంచే చూపించండి. బైనాక్యులర్స్ ఉన్నాయిగా!