ఊరూ పేరూ లేని తుపాకి గుండు

ఒక లోహపు ముక్కను చేతికిచ్చి ఇది ఏమిటో చెప్పమంటే మనము ఏమి చేస్తాము? కొలుస్తాము, తూస్తాము, నీటిలో ముంచి చూస్తాము. హైస్కూలు ప్రయోగశాలలో ప్రతి విద్యార్థీ నేర్చుకునే పనులే ఇవి. ఈ చిన్న పనులే ఒక్కొక్కప్పుడు మనిషి కళ్ళను, చేతివేళ్ళను కాపాడవచ్చును. అది ఎట్లాగో చూద్దాము.

అమెరికాలో వేటగాండ్రు, గురి పోటీలలో పాల్గొనేవారు చాలామంది రైఫిలు తూటాలను ఇంటివద్దనే తిరిగి నింపుకుంటారు. తూటాలో నాలుగు భాగాలు ఉంటాయి: ఇత్తడి డొల్ల, దాని అడుగున నిప్పు పుట్టించే ప్రైమరు, లోపల మందు, మూతివద్ద బిగించిన గుండు. తూటా పేలిన తరువాత పనికివచ్చేది డొల్ల ఒక్కటే. దానికి కొత్త ప్రైమరు, మందు, గుండు అమర్చటాన్నే రీలోడింగు అంటారు. ఏ గుండుకు ఏ మందు ఎంత ఉండవలెనో నిపుణులు పరీక్షించి పట్టికలుగా అచ్చువేసి ఉంచారు. అయితే పట్టిక చూడాలంటే ముందు గుండు ఏదో తెలియాలి. పాత సామానుల అమ్మకంలో, చీటీ ఊడిపోయిన డబ్బాలో గుండ్లు దొరికితే వాటిని గుర్తించటం ఎట్లా? గుర్తించకుండా వాడితే ఏమవుతుంది?

రెండవ ప్రశ్ననే ముందు తీసికొందాము. రైఫిలు మందులో ముఖ్య పదార్థం నైట్రోసెల్యులోజు. దీనికి ఒక విచిత్రమైన గుణం ఉన్నది. చుట్టూ పీడనం పెరిగినకొద్దీ అది మరింత వేగంగా కాలుతుంది. వేగంగా కాలినకొద్దీ పీడనం మరింత పెరుగుతుంది. వంటింటి ప్రెషరుకుక్కరులో ఆవిరి దారి మూసుకుపోతే పీడనం పెరుగుతుంది గాని, దానినిబట్టి పొయ్యిమంట పెరగదు. తుపాకిలో మంట కూడా పెరుగుతుంది! గుండు ముందుకు కదలి వాయువులకు చోటిస్తూ ఉండటంవల్లనే ఈ పెరుగుదల ఒక హద్దులో ఉంటుంది. ఆ హద్దు కూడా తక్కువేమీ కాదు. సాధారణపు రైఫిలులోనే అది 3,000 వాతావరణ పీడనాలకు పైబడుతుంది. గుండు లావైనా, బరువైనా, మరీ గట్టిదైనా ఆలస్యంగా కదులుతుంది. అప్పుడు పీడనం హద్దు దాటి తుపాకి పగిలే ప్రమాదం ఏర్పడుతుంది.

ఎంత లావైతే ప్రమాదం? దీనికి చరిత్రలో ఒక మంచి ఉదాహరణ ఉన్నది. 1888లో జర్మను సైన్యం ప్రవేశపెట్టిన రైఫిలు గుండు వ్యాసం సుమారు 8.08 మి.మీ. తరువాత 1905 ప్రాంతంలో వారు మొనదేలిన కొత్త గుండును వాడుకలోకి తెచ్చారు. దాని వ్యాసం 8.20 మి.మీ. డొల్ల పొడవు మారలేదు, వాడుకలో రెండింటికీ "8 మి.మీ. మౌజరు" అనే పేరే నిలిచింది. భేదం 0.12 మి.మీ., అంటే ఇంచుమించు ఒక కాగితం మందం. కాని లావు గుండును పాత ఇరుకు గొట్టంలో పేల్చటం ప్రమాదకరం. ఇట్టి పాత తుపాకులు ఇంకా ఉన్నవన్న భయంచేతనే అమెరికాలో ఈ తూటాకు అనుమతించిన పీడనాన్ని బాగా తక్కువగా నిర్ణయించారు.

కాబట్టి పేరును నమ్మరాదు, కొలతను నమ్మాలి. మన దేశంలో పోలీసుల చేతిలో తరతరాలుగా కనిపించిన .303 రైఫిలునే చూడండి. రైఫిలు గొట్టం లోపల మెలితిరిగిన చాళ్ళు, వాటి మధ్య గట్లు ఉంటాయి. ఎదురెదురు గట్ల మధ్య దూరం 0.303 అంగుళం, అంటే 7.70 మి.మీ. పేరు అక్కడనుంచి వచ్చింది. గుండు మాత్రం చాళ్ళను కూడా నింపాలి గనుక దాని వ్యాసం సుమారు 7.90 మి.మీ. ఉంటుంది. అమెరికావారి .30 అంగుళపు రైఫిలు గుండు వ్యాసం 7.82 మి.మీ. ఈ రెండింటినీ పక్కపక్కన పెడితే కంటికి తేడా తెలియదు. మన ప్రయోగశాలలోని స్క్రూగేజి మాత్రం 0.01 మి.మీ. వరకు చెప్పగలదు. మొదటి పరీక్ష అదే.

రెండవ పరీక్ష బరువు. ఇంగ్లీషువారు, అమెరికావారు గుండును గ్రెయిన్లలో తూస్తారు. మన కంసాలులు గురివిందగింజతో బంగారం తూచినట్లే, వారి గ్రెయిను యవగింజనుంచి పుట్టింది. ఒక గ్రెయిను 64.8 మిల్లీగ్రాములు. 150 గ్రెయిన్ల గుండు 9.72 గ్రాములు తూగుతుంది. అయితే 150 గ్రెయిన్ల గుండ్లు 7.82, 7.90, 8.20 మి.మీ. వ్యాసాలు మూడింటిలోనూ దొరుకుతాయి. అందుచేత బరువు ఒక్కటే చాలదు. వ్యాసం, బరువు కలిసి సాక్ష్యమివ్వాలి.

మూడవ పరీక్ష ఆర్కిమెడిసు మనకు నేర్పినది. పై గుండును దారంతో కట్టి నీటిలో వేలాడదీసి తూస్తే 8.79 గ్రాములు వచ్చిందనుకొందాము. తగ్గిన బరువు 0.93 గ్రాము, కాబట్టి ఘనపరిమాణం 0.93 ఘన సెం.మీ. సాంద్రత 9.72ను 0.93తో భాగించగా సుమారు 10.45. సీసం సాంద్రత 11.34, రాగి సాంద్రత 8.96. మన జవాబు రెండింటి నడుమ ఉన్నది గనుక లోపల సీసం, పైన రాగి మిశ్రమలోహపు తొడుగు ఉన్నాయని ఊహించవచ్చును. జవాబు 9కి దగ్గరగా వస్తే అది పూర్తిగా రాగి గుండు కావచ్చును. అదే బరువున్న సీసపు గుండుకంటె రాగి గుండు పొడవు. డొల్లలోకి ఎక్కువగా చొచ్చుకుపోయి, మందుకు చోటు తగ్గించి, పీడనాన్ని పెంచుతుంది. .303కు 1910లో వచ్చిన ఏడవ రకపు గుండులో ముక్కుభాగాన అల్యూమినియం వంటి తేలిక పదార్థం ఉండేది. కోసి చూడకుండానే ఆ రహస్యాన్ని నీరు బయటపెడుతుంది.

నాలుగవది అయస్కాంతం. గుండు దానికి అంటుకుంటే లోపల ఉక్కు ఉన్నదన్నమాట. అది నడుమ ఉన్న ఉక్కుకడ్డీయా, పైతొడుగా అన్నది మాత్రం అయస్కాంతం చెప్పలేదు. ముక్కుకు పూసిన రంగును కూడా గమనించాలి. అమెరికా సైన్యపు .30 గుండ్లలో నల్లముక్కు కవచాన్ని ఛేదించే గుండుకు గుర్తు. ఎర్రముక్కు దారి చూపుతూ మండుతూపోయే గుండుకు గుర్తు. ఈ రెండవ రకంలో మండే రసాయనాలు ఉంటాయి గనుక సీసం కోసం దానిని కరిగించబోవటం కూడా ప్రమాదమే.

ఈ పరీక్షలన్నీ అయిన తరువాత గుండు ఏదో పూర్తిగా తెలిసినట్లేనా? కాదు. వ్యాసం, బరువు, సాంద్రత ఒకటే అయినా తొడుగు గట్టితనంలోను, గొట్టాన్ని ఒరసుకొనే భాగం పొడవులోను భేదం ఉండవచ్చును. ఆ భేదం పీడనాన్ని మారుస్తుంది. బల్లమీది కొలతలకు అది పూర్తిగా అందదు. అందుకే జాగ్రత్తపరులు ఏ పట్టికకూ సరిపోని గుండును పక్కన పారవేస్తారు. గుర్తు తెలియని మందు విషయంలో నియమం మరింత కఠినం: చూపును, రంగును బట్టి దానిని గుర్తించటానికి ప్రయత్నించనే కూడదు. గుండు ఖరీదు స్వల్పం. కన్ను ఖరీదు కట్టలేము.

మన దేశంలో 1959 నాటి ఆయుధ చట్టం ప్రకారం లైసెన్సు లేకుండా తూటాలు తయారుచేయటం నేరం. ఎక్కడైనా తూటా దొరికితే ముట్టుకోకుండా పోలీసులకు తెలియజేయాలి. ఈ పాఠం నేర్చుకోవటానికి తూటాతో అవసరం లేదు. ఉపాధ్యాయులు చేపల వలకు కట్టే సీసపు గుండును, రాగితీగ చుట్టను, రాగితీగ చుట్టిన మరొక సీసపు గుండును తీసికొని విద్యార్థులచేత నీటిలో తూయించవచ్చును. మూడవదాని సాంద్రతనుబట్టి అందులో ఏ లోహం ఎంత ఉన్నదో లెక్కకట్టమనండి. ఆ తరువాత మరొక ప్రశ్న అడగండి: "ఈ కొలతలు దీనినిగురించి ఏమి చెప్పలేదు?" ఈ ప్రశ్నకు కూడా జవాబు వ్రాసినప్పుడే ఆ ప్రయోగం పూర్తి అవుతుంది.