అక్క ఇంటికి 12 కిలోవాట్ల హీటర్ అవసరమా? లెక్క వేస్తే తేలిన నిజం

ఎంఏహెచ్ ఎక్కువుంటే చాలు, ఫోన్ రెండు రోజులు వస్తుందని నమ్మే రోజులు పోయాయి. 5000 ఎంఏహెచ్ ఉన్న ఫోన్ కొన్నిసార్లు 6000 ఉన్నదాని కంటే ఎక్కువసేపు నిలబడుతుందని మనందరికీ తెలుసు. కానీ ఫోన్ కాకుండా వేరే మెషీన్ కొనాల్సి వచ్చేసరికి ఈ తెలివి ఎటు పోతుందో తెలీదు. "పెద్దది తీసుకుంటే పోలా" అనేస్తాం. మా ఇంట్లో సరిగ్గా అదే జరగబోయింది.

మా అక్కా బావా జర్మనీలో స్టుట్‌గార్ట్ దగ్గర సొంతిల్లు కట్టుకున్నారు. 140 చదరపు మీటర్లు, అంటే మన లెక్కలో 1500 చదరపు అడుగులు. గోడలకి మందంగా ఇన్సులేషన్, కిటికీలకి మూడు పొరల అద్దాలు. పని నడుస్తుండగా బావ ఒకరోజు నాకు పీడీఎఫ్ పంపాడు. "బామ్మర్దీ, ఫోన్లకి రివ్యూలు రాస్తావుగా, ఇది కూడా చూసి చెప్పు. వారంలో సంతకం పెట్టాలి" అన్నాడు. అందులో 12 కిలోవాట్ల హీట్ పంప్, ఇల్లంతా ఫ్లోర్ హీటింగ్, నీళ్ల ట్యాంకు అన్నీ కలిపి 31,000 యూరోలు. మొత్తం హోమ్ లోన్‌లోంచే.

నేను ఈఈఈ చదివి సాఫ్ట్‌వేర్‌లో పడ్డవాణ్ణి. హైదరాబాద్‌లో పుట్టి పెరిగినవాణ్ణి. గీజర్ తప్ప ఇంకో హీటర్ ముట్టుకున్నది లేదు. అయినా ఎక్సెల్ షీట్ ఓపెన్ చేశాను.

ముందు ఇల్లు, తర్వాతే హీటర్

నేను అడగాల్సిన మొదటి ప్రశ్న "ఏ బ్రాండ్ మంచిది?" కాదని తెలుసుకోడానికి రెండు రోజులు పట్టింది. అసలు ప్రశ్న: ఈ ఇంట్లోంచి వేడి ఎంత స్పీడుగా బయటికి పోతోంది?

దీనికి యూరప్‌లో ఒక స్టాండర్డ్ ఉంది, ఈఎన్ 12831. గోడలు, కిటికీలు, పైకప్పు, గాలి మార్పిడి అన్నీ కలిపి ఒక్కో గదికి ఎంత వేడి కావాలో చెబుతుంది. బావ వాళ్ల ఎనర్జీ కన్సల్టెంట్ దగ్గర ఆ లెక్క ముందే ఉంది, ఎవరూ అడగలేదంతే. దాని ప్రకారం లోపలికీ బయటికీ ఒక్క డిగ్రీ తేడాకి ఇల్లు 140 వాట్లు పోగొట్టుకుంటుంది. బయట మైనస్ 12, లోపల 20 అనుకుంటే తేడా 32 డిగ్రీలు. 32 ఇంటూ 140, సుమారు 4.5 కిలోవాట్లు. ఏడాదిలో అతి చల్లటి రాత్రికి కూడా అంతే కావాలి!

మరి 12 కిలోవాట్లు ఎందుకు ఇచ్చారు? ఇన్ని చదరపు మీటర్లకి ఇన్ని కిలోవాట్లు అనే పాత ఇళ్ల లెక్క. ఇన్సులేషన్ లేని ఇంటికి అది సరిపోతుంది. దీనికి కాదు.

పెద్దది తీసుకుంటే నష్టమేంటి అంటారా? స్టుట్‌గార్ట్‌లో చలికాలం చాలా రోజులు మైనస్ 12 ఉండదు, ప్లస్ 5 దగ్గర ఉంటుంది. అప్పుడు కావాల్సింది 2.1 కిలోవాట్లు. అందులో ఒక్కో మనిషి ఒంట్లోంచి వచ్చే 100 వాట్లు, ఫ్రిజ్, టీవీ, కిటికీలోంచి వచ్చే ఎండ తీసేస్తే ఇంకా తక్కువ. ఇన్వర్టర్ కంప్రెసర్ అయినా ఒక హద్దు దాటి కిందికి తగ్గలేదు. 12 కిలోవాట్ల మెషీన్ మూడు, నాలుగు దగ్గర ఆగిపోతుంది. ఇక చేసేదేముంది, ఆన్, ఆఫ్, మళ్లీ ఆన్. కరెంటు ఎక్కువ, కంప్రెసర్ ఆయుష్షు తక్కువ. గల్లీలో పాల ప్యాకెట్ తేవడానికి లారీ తీసినట్టు.

పాసివ్ హౌస్ అనే మాట వినే ఉంటారు. జర్మనీలోని డార్మ్‌స్టాట్‌లో 1991లో జనం ఉండటం మొదలుపెట్టిన ఇళ్లతో అది బాగా తెలిసింది. అలాంటి ఇంటికి గరిష్ఠంగా చదరపు మీటరుకి 10 వాట్లు చాలు. 20 చదరపు మీటర్ల గదికి 200 వాట్లు! గేమ్ ఆడుతున్న పీసీ ఒక్కటి అంతకంటే ఎక్కువ వేడి కక్కుతుంది.

నేను చేసిన బ్లండర్

ఈ లెక్క చూశాక నాకు పూనకం వచ్చింది. ఇంత తక్కువ వేడి చాలంటే హీట్ పంప్ ఎందుకు? గోడకి ఇన్‌ఫ్రారెడ్ ప్యానెళ్లు తగిలిస్తే సరి. 8,000 యూరోల్లో పని అయిపోతుంది. పైగా స్టుట్‌గార్ట్ ఉన్న బాడెన్ వుర్టెంబెర్గ్ రాష్ట్రంలో 2022 మే నుంచి కొత్త ఇళ్లకి సోలార్ తప్పనిసరి. వీళ్లు పెట్టించేది 10 కిలోవాట్లు, ఏడాదికి సుమారు 10,000 యూనిట్లు. హీటింగ్‌కి, వేణ్నీళ్లకి కలిపి కావాల్సింది 7,700. ఫ్యామిలీ గ్రూప్‌లో "కరెంటు బిల్లు జీరో" అని ఫైర్ ఎమోజీలతో పోస్ట్ పెట్టేశాను.

బావ ఒక్క ప్రశ్న అడిగాడు. "డిసెంబర్‌లో ఎంతొస్తుంది?"

చూస్తే గుండె జారింది. జర్మనీలో డిసెంబర్‌లో ఆ ప్యానెళ్ల నుంచి వచ్చేది నెల మొత్తానికి 250 యూనిట్లు, అటూ ఇటూగా. అంటే హీటింగ్ అవసరం పీక్‌లో ఉన్నప్పుడు సోలార్ దాదాపు సున్నా. జూన్‌లో మిగిలిన కరెంటు డిసెంబర్ దాకా దాచే బ్యాటరీ ఇంటికి దొరకదు. ఏడాది మొత్తాలు పోల్చి చూడటం ఎంత మోసమో అప్పుడు అర్థమైంది.

ఇంకోటి. ఇన్‌ఫ్రారెడ్ అయినా, కాయిల్ హీటర్ అయినా, గేమింగ్ పీసీ అయినా ఒక యూనిట్ కరెంటుకి ఒక యూనిట్ వేడే ఇస్తాయి. యాడ్‌లో ఏం రాసినా అంతే. హీట్ పంప్ అలా కాదు. అది వేడిని పుట్టించదు, బయటి గాలిలోంచి లోపలికి లాగుతుంది. మన ఇన్వర్టర్ ఏసీని తిప్పి పెట్టామనుకోండి. ఒక యూనిట్ కరెంటుకి మూడు, నాలుగు యూనిట్ల వేడి ఇస్తుంది. దీన్నే సీఓపీ అంటారు.

మూడు ఆప్షన్లు, ఒకే ఇల్లు

గ్యాస్ సంగతి ముందే తేలిపోయింది. 2024 జనవరి 1 నుంచి అమల్లోకి వచ్చిన రూల్ ప్రకారం కొత్త లేఅవుట్లలో కట్టే ఇళ్లకి అప్పట్లో హీటింగ్‌లో కనీసం 65 శాతం పునరుత్పాదక శక్తి ఉండాల్సి ఉండేది. బావ తీసుకున్న తక్కువ వడ్డీ స్కీమ్‌కి కూడా గ్యాస్ బాయిలర్ ఉంటే అర్హత లేదు. మిగిలినవి ఇవీ. గదులకి ఏడాదికి 4,900 యూనిట్ల వేడి, వేణ్నీళ్లకి 2,800. కరెంటు యూనిట్ 32 సెంట్లు, మన డబ్బుల్లో దాదాపు 30 రూపాయలు.

1. అంతా ఇన్‌ఫ్రారెడ్, నీళ్లకి మామూలు ఎలక్ట్రిక్ ట్యాంకు: పెట్టుబడి 8,000 యూరోలు. కరెంటు 7,700 యూనిట్లు, బిల్లు ఏడాదికి సుమారు 2,460.

2. హీట్ పంప్, ఫ్లోర్ హీటింగ్: బావ హీట్ లోడ్ లెక్క చూపించి 5 కిలోవాట్ల మోడల్ అడిగితే కొటేషన్ 31,000 నుంచి 26,500కి దిగింది. గదులకి సీఓపీ 4.2, నీళ్లకి 2.8 వేసుకున్నా. కరెంటు సుమారు 2,170 యూనిట్లు, బిల్లు 690.

3. స్ప్లిట్ ఏసీలు: బయట ఒక యూనిట్, లోపల మూడు. బాత్రూమ్‌లకి చిన్న ఇన్‌ఫ్రారెడ్ ప్యానెళ్లు, వేణ్నీళ్లకి విడిగా చిన్న హీట్ పంప్ ట్యాంకు. పెట్టుబడి 14,500. వేడిలో 85 శాతం ఏసీలు ఇస్తాయనుకుని, బ్రోషర్‌లో ఉన్నదాని కంటే తగ్గించి సీఓపీ 3.5 వేశాను. కరెంటు సుమారు 2,930 యూనిట్లు, బిల్లు 940.

మొదటిదాని మీద మూడోదానికి అదనంగా పెట్టేది 6,500. ఏడాదికి మిగిలేది 1,520. నాలుగేళ్ల కొంచెం పైన తిరిగొచ్చేస్తుంది. సూపర్.

మూడోదాని మీద రెండోదానికి అదనంగా 12,000. మిగిలేది ఏడాదికి 250. తిరిగి రావడానికి 48 ఏళ్లు! బావ లోన్ వడ్డీ 3.5 శాతం, 12,000కి వడ్డీయే ఏడాదికి 420. అంటే ఎఫిషియెన్సీలో నంబర్ వన్ ఉన్న సిస్టమ్ తీసుకుంటే ప్రతి ఏడూ నష్టమే.

నన్ను బాగా ఆలోచింపజేసింది ఇదే. పాత ఇల్లయితే వేడి అవసరం నాలుగైదు రెట్లుండేది, అప్పుడు సీఓపీలో చిన్న తేడా కూడా వేల యూరోలు. మంచి ఇన్సులేషన్ ఉన్న ఇంట్లో ఆదా చేయడానికి మిగిలిందే తక్కువ. కాబట్టి అక్కడ మెషీన్ ఎఫిషియెన్సీ కంటే మెషీన్ రేటు ముఖ్యం.

"నేల వెచ్చగా ఉంటుందనుకున్నానురా"

అక్క మాత్రం ఫ్లోర్ హీటింగ్ కావాలంది. "పిల్లలు కింద కూర్చుని ఆడుకుంటారు, మనం కింద కూర్చుని తింటాం. నేల వెచ్చగా ఉంటే ఎంత హాయి! మెషీన్ తర్వాతైనా మార్చుకోవచ్చు, ఫ్లోర్ పగలగొట్టి పైపులు వేయలేం కదరా" అంది. అందులో పాయింట్ ఉంది. పైపులు ఇల్లున్నంత కాలం ఉంటాయి, మెషీన్ పదిహేను, ఇరవై ఏళ్లు.

కానీ మళ్లీ లెక్క. నేల గాలి కంటే ఒక డిగ్రీ వేడిగా ఉంటే చదరపు మీటరుకి సుమారు 10 వాట్లు ఇస్తుంది. ఈ ఇంటికి మామూలు చలి రోజున కావాల్సింది 10, 12 వాట్లే. అంటే గది 20 ఉంటే నేల 21. కాలికి వెచ్చదనం తెలియనే తెలియదు. అంతకంటే వేడి చేస్తే గది ఉక్కపోస్తుంది. ఇన్సులేషన్ ఎంత బాగుంటే ఫ్లోర్ హీటింగ్ అంత చల్లగా అనిపిస్తుంది. ఇది చెప్పాక అక్క కాసేపు మాట్లాడలేదు. "నేల వెచ్చగా ఉంటుందనుకున్నానురా. లేదంటే ఆ పన్నెండు వేలు లోన్ తగ్గించుకుందాం" అంది. మూడోది ఫిక్స్.

ఒక చలికాలం వాడాక

పోయిన డిసెంబర్‌లో మూడు వారాలు అక్కడే ఉన్నాను. ఇప్పుడు రివ్యూ.

ప్లస్‌లు: ఉదయం ఇల్లు 21, 22 డిగ్రీలు. స్పీడ్ తగ్గిస్తే ఏసీ చప్పుడు వినిపించదు. ఎండాకాలం 35 దాటిన రోజుల్లో అదే ఏసీ చల్లదనం, దానికి సోలార్ కరెంటు సరిపోయిందట.

మైనస్‌లు కూడా ఉన్నాయి. లోపలి యూనిట్ లేని చిన్న గది తలుపు మూస్తే 18కి దిగిపోయింది. తలుపు తెరిచి పడుకోలేక, తర్వాత 400 వాట్ల ప్యానెల్ పెట్టారు. ఈ గది విషయం నా ప్లానింగ్‌లో లోపం. మీరు ఈ దారిలో వెళ్తే గది గదికీ లెక్క వేయండి. ఇక హీటింగ్‌కి మీటర్ చూపింది 2,150 యూనిట్లు, నేను చెప్పింది 1,930. అక్క 20కి బదులు 22లో పెట్టడం ఒక కారణం. కొత్త ఇంటి గోడల్లో, ఫ్లోర్‌లో ఉండే తేమ మొదటి చలికాలం ఎక్కువ వేడి తాగుతుంది, అది ఇంకోటి.

పోపు సంగతి చెప్పకపోతే అన్యాయం. ఇల్లు గాలి దూరనంత టైట్‌గా ఉంటుంది, బయటి గాలి వెంటిలేషన్ యూనిట్ ద్వారానే వస్తుంది. పోయే గాలిలోని వేడిలో ఎక్కువ భాగాన్ని లోపలికొచ్చే గాలికి ఎక్కించేస్తుంది. అక్కడివాళ్లకి అది చాలు. ఎండుమిర్చి తాలింపుకి చాలదు. అక్క ఫ్యాన్ ఫుల్‌లో పెట్టి, పది నిమిషాలు కిటికీ తీసేస్తుంది. ఇల్లు ఏమీ చల్లబడిపోదు, గోడల్లో వేడి ఉంటుంది కాబట్టి.

హైదరాబాద్‌లో మనకేంటి?

ఇదే లెక్క తిరగేస్తే మన ఏసీ. పై అంతస్తులో గదికి 1.5 టన్ను చాలట్లేదని 2 టన్నులు కొంటున్నాం. ఎండ పడే స్లాబ్‌కి తెల్లటి కూల్ రూఫ్ కోటింగ్ వేస్తే ఆ అవసరమే తగ్గుతుంది. తెలంగాణ 2023లో కూల్ రూఫ్ పాలసీ తెచ్చింది కూడా ఇందుకే. నేను వచ్చాక మా డాబాకి కోటింగ్ వేయించాను, కొత్త ఏసీ కొనడం ఆపాను.

ఏ షోరూమ్‌కి వెళ్లినా "ఎన్ని చదరపు అడుగులు సార్?" అని అడుగుతారు. మీరు ముందు గదిలోకి వేడి ఎక్కడినుంచి వస్తోందో, ఎక్కడికి పోతోందో చూసుకుని వెళ్లండి. బావకి ఆ ఒక్క కాగితం 16,500 యూరోలు మిగిల్చింది.