వరహా - రూపాయి మారకపు రేటు

వరహా బంగారు నాణెము, రూపాయి వెండి నాణెము. ఈస్టిండియా కంపెనీ పాలనలో మద్రాసు ప్రెసిడెన్సీ అంతటా ఈ రెండూ చెలామణీలో ఉండేవి. మచిలీపట్నం, మొవ్వ ప్రాంతాలు ఈ ప్రెసిడెన్సీలోనివే.

కంపెనీ లెక్కలు:
* 80 కాసులు = 1 పణము
* 12 పణములు = 1 రూపాయి
* 42 పణములు = 1 వరహా

అనగా వరహాకు మూడున్నర రూపాయలు. అయితే బంగారము, వెండి ధరలు మారినప్పుడల్లా బజారు రేటు కూడా మారేది. ఉదాహరణకు 10 వరహాల శిస్తుకు లెక్క ప్రకారం 35 రూపాయలు చాలు. బజారులో వరహా మూడుముప్పావు పలికితే 37½ రూపాయలు కావలెను. నాణెములు మార్చే షరాబు తీసుకొనే వట్టము దీనికి అదనము.

1818లో ప్రెసిడెన్సీలో వెండి రూపాయి ప్రామాణిక నాణెమైనది. పాత లెక్కలను 100 వరహాలకు 350 రూపాయల చొప్పున మార్చారు. 1835 చట్టముతో కంపెనీ ప్రాంతాలన్నిటికీ ఒకే రూపాయి ఏర్పడి, బంగారు నాణెములకు చట్టబద్ధమైన చెలామణీ పోయినది.